చాచా రోజా, అమ్మ ఒక్కపొద్దు

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఏదైనా ఉందంటే, అది ఉన్నట్టే నాకు తెలియదు. ఇరవై దాటిన వయసు, చేతిలో డిగ్రీ, దానితో పాటు నిజామాబాద్‌లో కాలేజీ మెట్ల మీద కూర్చుని సంపాదించిన నాస్తికత్వం. (డిగ్రీ కన్నా రెండోదాని మీదే నాకు గర్వం ఎక్కువ. డిగ్రీలో వచ్చింది థర్డ్ క్లాసు.) దేవుడు లేడని నాకు రూఢిగా తెలుసు. లేనివాడి కోసం ఉన్నవాళ్లు కడుపు మాడ్చుకోవడం చూస్తే నవ్వొచ్చేది. ఇప్పుడు బీపీ మాత్ర వేసుకుని, కళ్లద్దాలు ఎక్కడ పెట్టానో వెతుక్కుని ఇది రాస్తుంటే, ఆ కుర్రవాడిని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకోవాలనిపిస్తుంది. వాడి గురించి మా ఆర్మూరులో ఒక మంచి కథ తిరుగుతోంది. మా పసుపు దుకాణంలో పనిచేసే ఒక ముసలి ముస్లిం మీద ప్రేమతో, హిందువుల పిల్లవాడు రంజాన్ నెలంతా ఆయనతో పాటు రోజా ఉన్నాడని, పగలంతా మంచినీళ్లు కూడా ముట్టలేదని. ఆ పిల్లవాణ్ని నేనే. ఆ కథ చెప్పి ప్రతి ఏడూ ఎవరో ఒకరు నన్ను ఇఫ్తార్ విందుకు పిలిచి, వేదికెక్కించి, శాలువా కప్పుతారు. ఇంట్లో శాలువాలకు ఒక ట్రంకుపెట్టె పోయింది. కథ మాత్రం అబద్ధం. నేనున్నది ఒక్క రోజు. ప్రేమతో ఉన్నది అసలే కాదు.

మా మేనమామకు పసుపు అడ్తి దుకాణం ఉండేది. రైతులు తెచ్చిన సరుకును కొనేవాళ్లకు చూపి, కమీషన్ మీద నడిచే వ్యాపారం. ఊరి చివర, నందిపేట్ పోయే దారిలో ఒక రేకుల షెడ్డు, అందులో ఒక పాలిష్ డ్రమ్ము. ఉడికించి ఎండబెట్టిన పసుపు కొమ్ములను ఆ ఇనుప డ్రమ్ములో పోసి తిప్పితే పైపొట్టు రాలిపోయి నున్నగా తేలతాయి. అది తిరుగుతున్నంతసేపు పక్కవాడు చెవిలో అరిచినా వినబడదు. ధూళి పొగలా లేచి మిట్టమధ్యాహ్నం కూడా షెడ్డు లోపల సందెవేళలాగే ఉంటుంది. ఉద్యోగం దొరికేదాకా అక్కడ కూర్చొమ్మని మామ నన్ను పెట్టాడు. (అక్కడే కూర్చున్నాను. దుకాణం ఇప్పుడు నాది.) ఆ షెడ్డులో సరుకు చూసే మనిషి చాచా. అరవై దాటిన సన్నటి, పొడుగాటి మనిషి. పొద్దున్నే తెల్ల టోపీతో వచ్చి సాయంత్రం పసుపు టోపీతో ఇంటికి పోయేవాడు. కుప్పలోంచి ఒక కొమ్ము తీసి, విరిచి, లోపలి రంగు చూసి, కొసను పంటితో కొరికి ఉమ్మేసి, ఎండిందో లేదో చెప్పేవాడు. ఆయన చెప్పింది ప్రతిసారీ నిజమయ్యేదేమీ కాదు. తప్పినప్పుడు ఆయనా మా మామా ఉర్దూలో హాయిగా తిట్టుకునేవారు. అయినా చాచా కొరకనిదే మామ ఏ కుప్పకూ ధర చెప్పేవాడు కాదు.

ఆ ఏడు రంజాన్ సరిగ్గా పసుపు సీజన్‌లో పడింది. మొదటి రోజే చాచా నా దగ్గరికి వచ్చి, "బేటా, గీ నెల నీ పండ్లు నాకు కిరాయికియ్యి" అన్నాడు.

"పండ్లేంది చాచా?"

"కొరుకుడు నువ్వు, చెప్పుడు నేను. రోజాల కొమ్ము నోట్ల పెట్ట."

"కొరికి ఉమ్మేస్తవు గద. మింగవు గద."

"మింగనని నాకెర్క. గొంతుకు ఎర్కనా? నాకెందుకా శక్, ఆ అనుమానం."

నా కాలేజీ బుర్ర వెంటనే లేచి నిలబడింది. "మరి గింత ధూళి పొద్దటిసంది గొంతుల పడ్తనే ఉంది. అట్లయితె రోజా పోయినట్టే గద?" అన్నాను, గెలిచినవాడిలా. చాచా నన్ను జాలిగా చూశాడు. "ధూళి ఆయన పంపిస్తుండు. కొమ్ము నేను పెట్టుకుంట. ఫరక్ లేదా?" అని, ఒక కొమ్ము విరిచి నా నోటి దగ్గర పెట్టాడు. మా మామ గల్లా దగ్గరినుంచి, "కొరుకురా అల్లుడా, డిగ్రీ చదివిన పండ్లు గద, మంచిగ చెప్తయ్" అన్నాడు. షెడ్డంతా నవ్వింది.

అలా నెలంతా నేను కొరికాను. "గట్టిగుందా, మెత్తగుందా? టక్కుమన్నదా, సాగినట్టయిందా?" అని చాచా వైద్యుడిలా అడిగేవాడు, నేను రోగిలా జవాబు చెప్పేవాణ్ని. నాలుక చేదెక్కింది. పళ్లు పచ్చబడ్డాయి. బొగ్గుపొడి, ఉప్పు, వేపపుల్ల, ఏదీ పనిచేయలేదు. అంతవరకూ సహించాను. కానీ ఒక మధ్యాహ్నం మామకు సద్ది పట్టుకుని మా మరదలు షెడ్డుకు వచ్చింది. నన్ను చూసి పలకరించబోయి, నేను నవ్వగానే ఆగిపోయి, "బావా, నీ పండ్లకు పెండ్లి కుదిరిందా? పసుపు పెట్టిన్రు" అంది. డ్రమ్ము ఆగి ఉన్న సమయం. అందరికీ వినబడింది. (తర్వాత ఆ మరదలే మా ఇంటికి కోడలిగా వచ్చింది. నేను ఏ పెళ్లికి బయల్దేరినా ఆ ప్రశ్న ఇప్పటికీ అడుగుతుంది.) నా కోపమంతా చాచా మీదికి తిరిగింది. ఒక ముసలాయన మూఢనమ్మకానికి నా పళ్లెందుకు బలి కావాలి? ఆ నమ్మకం ఉత్తదని తేల్చేస్తే పోలేదా?

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అంతకు ముందటి ఏడు రంజాన్‌లో చాచా దవాఖానలో పడి ఉన్నాడు. ఊపిరితిత్తుల్లో ఏదో. ఆ నెలలో ఆయన ఒక్క రోజా ఉండలేకపోయాడు. ఇంటికి వచ్చాక, చలికాలమంతా తీరిక చేసుకుని, పోయినవాటిని ఒక్కొక్కటిగా తీర్చుకున్నాడు. అందుకని ఈ ఏడు ఎవరు పలకరించినా ఆయనది ఒకటే మాట: "ఈసారి పూర. ఒక్కటి గూడ పోనియ్య." ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖం, పొలం నాటేసి గట్టు మీద నిలబడ్డ రైతు ముఖంలా ఉండేది. ఇది నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

రోజా విడిచే వేళ మసీదులో అజా, అంటే నమాజు పిలుపు, ఇస్తారు. కానీ డ్రమ్ము తిరుగుతుంటే అజా ఎక్కడ వినబడుతుంది? సీజన్‌లో డ్రమ్ము ఆపడానికి మామ ఒప్పుకోడు. మా అక్క మొగుడు దుబాయి నుంచి నాకొక డిజిటల్ వాచి తెచ్చాడు, నొక్కితే లైటు వెలిగేది. షెడ్డులో అదే నమ్మకమైన గడియారం. చాచాకు ఆ మెరిసే అంకెలు చదవడం రాదు. పొద్దున్నే మసీదు దగ్గర ఆ రోజు వేళ అడిగి వచ్చి నాకు చెప్పేవాడు. సాయంత్రం ఒక మూల గోనెసంచి పరుచుకుని, డబ్బాలో రెండు మూడు ఖర్జూరాలు, ఒక చెంబు నీళ్లు ముందు పెట్టుకుని నా వైపే చూస్తూ కూర్చునేవాడు. వేళ కాగానే నేను చెయ్యెత్తాలి. మాట వినబడదు కనుక చెయ్యి. నేను ఎత్తగానే ఆయన ఏదో గొణుక్కుని ఖర్జూరం నోట్లో పెట్టుకునేవాడు.

నెల చివరికి వచ్చింది. ఆ రోజు శనివారం. కమ్మర్‌పల్లి నుంచి పెద్ద సరుకు వచ్చి షెడ్డు నిండిపోయింది. పొద్దంతా కొరికి కొరికి నా నోరు మొద్దుబారిపోయింది. సాయంత్రం చాచా ఎప్పటిలా మూలన కూర్చుని నన్ను చూస్తున్నాడు. వేళకు ఇంకా కాస్త వ్యవధి ఉంది. అప్పుడు నాకా ఆలోచన వచ్చింది. ఇప్పుడే చెయ్యెత్తితే ఏమవుతుంది? ఆయన తింటాడు. ఆకాశం విరిగి పడదు. పైన ఎవరూ లేరని, లేనివాడికి ముందూ వెనకా ఉండదని అక్కడికక్కడే తేలిపోతుంది. నేను వాచీ చూసుకున్నట్టు నటించి, చెయ్యెత్తాను.

చాచా కళ్లు మూసుకుని పెదవులు కదిపాడు. ఖర్జూరం తిన్నాడు. చెంబెత్తి గటగటా తాగాడు, అంతటి దాహం ఉన్నట్టు అప్పటిదాకా ముఖంలో ఎక్కడా కనిపించలేదు. ఆకాశం విరిగి పడలేదు. నా ప్రయోగం విజయవంతమైంది. నాకైతే శాస్త్రవేత్తను అయిపోయినట్టే అనిపించింది. ఇంతలో కరెంటు పోయింది. డ్రమ్ము నెమ్మదించి, నెమ్మదించి, ఒక మూలుగు మూలిగి ఆగిపోయింది. ఎవరో దగ్గారు. బయట ఎడ్లు మెడలు విదిలించిన చప్పుడు. తర్వాత, ఊళ్లోంచి, నిదానంగా, అజా మొదలైంది.

చాచా చేతిలో రెండో ఖర్జూరం ఉంది. ఆయన దాన్ని చూశాడు. ఖాళీ చెంబును చూశాడు. తలుపు బయట ఇంకా మిగిలి ఉన్న వెలుతురును చూశాడు. ఆ ఖర్జూరాన్ని మెల్లగా మళ్లీ డబ్బాలో పెట్టి మూత వేశాడు. అజా అయ్యేదాకా అలాగే కూర్చున్నాడు. తర్వాత లేచి నా దగ్గరికి వచ్చి, "బేటా, నీ గడియాల్ జర తేజ్ నడుస్తున్నట్టుంది. చూపించుకో" అన్నాడు.

"అవును చాచా, బ్యాటరీ అయిపోవస్తున్నట్టుంది" అన్నాను. (బ్యాటరీ అయిపోతే వాచీ ఆగుతుంది, ముందుకు ఉరకదు. ఇదీ నా శాస్త్రజ్ఞానం.)

"పరవాలే. నాదే గల్తి. నేను బయటికొచ్చి ఆస్మాన్ చూసుకోవద్దా? ఆకలి తొందర" అని తనమీదే వేసుకుని, భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకుంటూ వెళ్లిపోయాడు. పండుగ అయ్యాక ఆ ఒక్కటీ మళ్లీ ఉండి తీర్చుకుంటానని పోతూ పోతూ మా మామకు చెప్పాడు. "పూర" అనే మాట ఆ తర్వాత ఆయన నోట నేను వినలేదు.

ఇంటికి వెళ్లాను. శనివారాలు మా అమ్మకు ఒక్కపొద్దు. పగలంతా ఏమీ తినదు. దీపం పెట్టి, నాకు వడ్డించి, తర్వాత తను తింటుంది. నేను తింటూ, లోపల గుచ్చుకుంటున్నదాన్ని నవ్వుతో కప్పేద్దామని, ఈ సంగతంతా హాస్యకథలాగా చెప్పాను. చాచా ముఖం ఎలా మారిందో అభినయించి కూడా చూపించాను. అమ్మ నవ్వలేదు. గరిటె గిన్నెలో పెట్టింది.

"మల్ల చెప్పు. ఎర్క ఉండే ఎత్తినవా చెయ్యి?"

"ఉత్తగనే అమ్మా. ఏమైతదో చూద్దామని."

"ముసలాయన పొద్దందాక ఎండుకుంట కూసుంటె, నువ్వు ఏమైతదో చూస్తవా? ఒకల ఒక్కపొద్దు చెడగొట్టొచ్చి అన్నం తింటున్నవు, ముద్ద ఎట్ల దిగుతున్నదిరా నీకు?"

"అది ఒక్కపొద్దు గాదమ్మా, రోజా. వాళ్లది వేరే" అన్నాను. ఇంకా వాదనలోనే ఉన్నాను.

"వాళ్ల దేవుడెవరో నాకెర్కలేదు. కడుపు కాలుడు నాకెర్కనే" అని అమ్మ లేచి, తన కోసం పెట్టుకున్న అన్నం గిన్నె మీద మూత పెట్టేసింది. తినమ్మా అన్నాను. "గాయనది పోయినంక నాదేడ మిగిలిందిరా? చేసింది నా కొడుకు" అంది. ఆ పూట అమ్మ తినలేదు. పొద్దుటి నుంచి ఏమీ తినని మనిషి, మంచినీళ్లు తాగి చాప వేసుకుంది. నేను సగం తిన్న కంచం ఎత్తి పెరట్లో పెట్టాను.

అమ్మ తీర్పు పొద్దున్నే వచ్చింది. "పోయి ఉన్నదున్నట్టు చెప్పు. ఆయన మల్ల ఎన్నడుంటే ఆనాడు నువ్వు గూడ ఉండు." ఈ రెండింటిలో రెండోది సులువుగా కనిపించింది. ఆకలి భరించవచ్చు, చెప్పడం కష్టం. అందుకని పండుగ అయ్యాక చాచా ఆ రోజా ఎప్పుడుంటాడో తెలిసిన వెంటనే, "నేను గూడ ఉంట చాచా, నీకు తోడు" అన్నాను. అసలు సంగతి మాత్రం మింగేశాను. (కొమ్ములు నెలంతా మింగకుండా ఉమ్మినవాణ్ని, దాన్ని మింగాను.) చాచా నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆయన కళ్లు తడయ్యాయి. "ఇన్నవా సేట్! నీ అల్లుడు నాకోసం రోజా ఉంటడంట!" అని మా మామను కేకేశాడు. హమాలీలకు చెప్పాడు. బండి తోలుకొచ్చిన రైతులకు చెప్పాడు. చాయ్ హోటల్ దగ్గర చెప్పాడు. కథకు పునాది పడింది అక్కడే, వేసింది చాచాయే. ఆయన సంతోషం చూసిన కొద్దీ నాలో నిజం చెప్పే ధైర్యం సన్నగిల్లింది.

ఆ రోజు రానే వచ్చింది. తెల్లవారకముందే అమ్మ లేపి జొన్నరొట్టె పెట్టింది. ఎండలు బాగా ముదిరాయి. ఊరంతా తింటోంది, తాగుతోంది. రంజాన్ అయితే పక్కవాడు కూడా ఎండుకుంటున్నాడన్న తృప్తి ఉంటుంది. ఇక్కడ ఎండుకుంటున్నది మేమిద్దరమే. పది గంటలకల్లా నాకు చెరుకురసం బండి గంటలు వినబడడం మొదలైంది. ఆ దరిదాపుల్లో చెరుకురసం బండి లేదు. ఇంతలో సరుకు వచ్చింది. ఇద్దరమూ రోజాలో ఉంటే కొరికేదెవరు? మామ వంతు వచ్చింది. మామవి పెట్టుడు పళ్లు. ఆయన కొమ్ము కొరికాడు, టక్కున చప్పుడైంది. "మస్తు ఎండింది!" అన్నాడు. తర్వాత నోట్లో వేలు పెట్టి తడుముకుని, ఎండింది కొమ్ము కాదని, విరిగింది పన్ను అని గ్రహించాడు. చాచా పడీపడీ నవ్వాడు. "నువ్వు గూడ నవ్వు బేటా, నవ్వితె రోజా పోదు" అన్నాడు నాతో. నేను నవ్వలేకపోయాను.

పొద్దు వాలుతుండగా, డ్రమ్ములో కొత్త సరుకు పోయడానికి కాసేపు ఆపారు. చాచా మూలన గోనెసంచి పరిచి, పక్కనే నాకూ ఒకటి పరిచాడు. అది చూశాక ఇక ఉండబట్టలేదు. నిలబడే చెప్పేశాను. వాచీ సరిగ్గానే ఉందని. వేళ కాలేదని తెలిసే చెయ్యెత్తానని. ఏమవుతుందో చూద్దామనుకున్నానని. అమ్మ ఆ పూట తినలేదని, ఈ రోజా కూడా ఆమె పంపితే వచ్చిందేనని.

చాచా క్షమించిన మనిషిలా చిరునవ్వు నవ్వాడని రాస్తే బాగుండేది, కానీ ఇది సరిచేయడానికి రాస్తున్నది. ఆయనకు కోపం వచ్చింది. ముక్కుపుటాలు అదిరాయి. "నీ వాచి నాకు చదవరాదురా. నీ మొఖం చూసి తిన్న నేను. రోజూ నీ మొఖం చూసే తిన్న" అన్నాడు. "నువ్వు నమ్మకు. ఎవడొద్దన్నడు? నేను నిన్ను మసీదుకు రమ్మన్ననా? నా రోజా సంగతి నేను, నా అల్లా చూసుకుంటం. నడుమ దూరి పరీక్ష పెట్టెటందుకు నువ్వెవనివి? మీ అమ్మ శనివారమైతె ఒక్కపొద్దుంటది గద. ఎన్నడన్న ఆమెకు పెట్టినవా గిసొంటి పరీక్ష?"

పెట్టలేదు. అమ్మ ఒక్కపొద్దును మనసులో ఎగతాళి చేశాను కానీ, ఆమె నీళ్లలో ఉప్పు కలపలేదు, ఆమె దీపాన్ని ముందే వెలిగించలేదు. ఆ ఆలోచన కూడా రాలేదు. దేవుళ్లెవరూ లేరని అందరికీ సమానంగా చెప్పేవాణ్నని నా గురించి నేను అనుకునేవాణ్ని. తీరా చూస్తే నా నాస్తికత్వానికి కూడా మనవాళ్లు, పరాయివాళ్లు అని ఉన్నారు. మా ఇంట్లోని ఆకలికి మర్యాద ఇచ్చి, చాచా ఆకలిని ప్రయోగానికి వాడుకున్నాను. ఇన్నేళ్లలో చాలా విన్నాను మతాల గురించి, వేదికల మీద నేనూ చాలా మాట్లాడాను. చాచా అడిగిన ఆ ఒక్క ప్రశ్నను మాత్రం ఏ వేదిక మీదా ఎత్తలేదు.

చాచా లేచి వెళ్లి దూరంగా కుప్ప వెనక కూర్చున్నాడు. డ్రమ్ము మళ్లీ తిరగడం మొదలైంది. నేను ఒంటరిగా గోనెసంచి మీద. అమ్మ రొట్టె, బెల్లం కలిపి చేసి పంపిన మలీద ముద్దల గిన్నె పక్కనే ఉంది. (వాళ్లకు ఏది పనికొస్తుందో తెలియక, తన ఒక్కపొద్దుకు వండినట్టే తలస్నానం చేసి చేసింది.) ఇక ఆయన నా పక్కకు రాడనుకున్నాను. వేళ దగ్గరపడింది. అప్పుడొచ్చాడు. నా ముఖం చూడకుండానే పక్కన కూర్చుని, డబ్బా తెరిచి, నా చెవి దగ్గర నోరుపెట్టి అరిచాడు. "టైం చెప్పు!"

"డ్రమ్ము బంద్ చేపిస్త చాచా. అజా ఇనొచ్చు!" నేనూ అరిచాను.

"నడువనీ. నువ్వే చెప్పు."

వాచీలో వేళ అయింది. అయినా నమ్మకం కలగలేదు. వాచీ నిజంగానే ముందుకు పోతోందేమో? లేచి బయటికి పరుగెత్తాను. సూర్యుడు కనబడలేదు. దిగాడా, ఊరి పక్క గుట్ట రాళ్ల చాటున ఉన్నాడా? సైకిల్ మీద పోతున్న ఒకాయన్ను ఆపి టైం అడిగాను. ఆయన చెప్పింది కూడా నమ్మకుండా చాయ్ హోటల్ దాకా ఉరికి, అక్కడి గోడ గడియారం చూసి, హోటలాయన్ను "అజా అయిందా?" అని అడిగి, ఆయన "ఎప్పుడో అయింది, నీకేం పనిరా దాంతోని?" అంటే, వెనక్కి పరుగెత్తి వచ్చి, రొప్పుతూ, రెండు చేతులూ ఎత్తాను. అప్పటికి బయట బాగా చీకటి పడింది. చాచా ఖర్జూరం చేతిలో పట్టుకుని నాకోసమే చూస్తున్నాడు. "అరే కమ్‌బక్త్, సూర్యుడు నందిపేట్ దాటి గోదాట్ల మునిగిండు! వేళైనంక ఆలస్యం చేసుడు గూడ తప్పేరా! పానం పోతుంది!" అని తిట్టి, మొదటి ఖర్జూరం నా చేతిలో పెట్టాడు. తర్వాత తాను తిన్నాడు. మలీద ముద్దలు రెండు తిని, గిన్నె తుడిచి ఇచ్చాడు. అంతకు మించి ఆయన నాతో ఆ విషయం ఎన్నడూ ఎత్తలేదు. ఊళ్లో తాను మొదలుపెట్టిన కథను దిద్దనూ లేదు. ఒక్క రోజు వారమై, వారం నెలయింది. నేనూ దిద్దలేదు. ఎందుకు దిద్దలేదంటే, శాలువాలు వెచ్చగా ఉంటాయి.

రంజాన్ ఏటేటా కొద్ది కొద్దిగా వెనక్కి జరుగుతుంది. కాలాలన్నీ చుట్టి ఇప్పుడు మళ్లీ పసుపు సీజన్‌లోకి వచ్చింది. చాచా పోయి చాలా ఏళ్లయింది. ఆ షెడ్డు ఉన్నచోట ఫంక్షన్ హాలు వెలిసింది. మొన్న ఆ హాల్లోనే ఇఫ్తార్ విందు, నాకు మళ్లీ వేదిక. ఇఫ్తార్‌కు ముందు మైకు ఇచ్చారు. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను, చెయ్యెత్తడం దగ్గరినుంచి బ్యాటరీ అబద్ధం దాకా. తల దించుకుని ముగించాను. చప్పట్లు మోగాయి. ఒక యువనాయకుడు మైకందుకుని, "గింత పెద్దమనిషి గింత వినయం!" అని, నిజం చెప్పిన ధైర్యానికట, ఇంకో శాలువా కప్పాడు. సరిగ్గా అప్పుడే అజా వినబడి జనమంతా పళ్లేల వైపు కదిలారు. నేను రెండు శాలువాల కింద చెమటలు కక్కుతూ నిలబడ్డాను.

ఒకమ్మాయి నా దగ్గరికి వచ్చింది. చాచా మనుమరాలినని, సిరికొండలో టీచరునని చెప్పింది. "అంకుల్, గీ కత మేము చిన్నప్పటిసంది ఇంటున్నదే. మీరు చెప్పిందంత నిజమే. కాని మా ఇంట్ల చెప్పే కతల మీరు ఎక్కువ లేరు."

"మరెవరున్నరమ్మా?"

"మీ అమ్మ. దాదా ప్రతి రంజాన్‌ల చెప్పేటోడు. 'నన్ను ఎన్నడు చూడని ఒకామె, నా రోజా పోయిందని తన ముందటి అన్నం ముట్టలేదు' అని. ఆమె పేరు దాదాకు ఎర్కలేకుండె. ఇఫ్తార్ దువాల, మొక్కేటప్పుడు, 'శనివారం అమ్మ' అనేటోడు. మేము గూడ ఇప్పటికి గట్లనే అంటం."

"మరి నేను?" అన్నాను. ఈ వయసులో కూడా అడగకుండా ఉండలేకపోయాను.

ఆమె కాస్త మొహమాటపడింది. "మీరు... ఆమె కొడుకు."

నేను ఆ అమ్మాయిని వదల్లేదు. చాచా ఇంకా ఏమేం చెప్పేవాడు, దువాలో ఇంకెవరెవరు ఉండేవారు అని అడుగుతూనే ఉన్నాను. ఇంటికి రాగానే మంచం పట్టిన ముసలి అమ్మ పక్కన, పట్టె మీద కూర్చుని అంతా చెప్పాను. వినపడదని గట్టిగా, ఒక్కో మాటా. ఆమె పేరుతో, కాదు, ఆమె వారంతో, ఒక ఇంట్లో ఇన్నేళ్లుగా దువా చేస్తున్నారని. అమ్మ శ్రద్ధగా విన్నది.

"ఏ శనివారంరా?" అంది.

"గదే అమ్మా, నువ్వు అన్నం తినకుండ పన్నవు సూడు."

"నాకు యాదికి లేదు. ఒక్క పూట తినకపోతె గది గూడ యాదికుంటదా?" దుప్పటి సర్దుకుంది. తర్వాత, "అవునుగని, ఆ పిల్ల పొద్దందాక ఉపాసముండె గద. ఏమన్న తిన్నదా, నీ ముచ్చట్లకు గట్లనే నిలవడ్డదా?" అని అడిగింది.

నేను గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. చుట్టూ అందరూ తింటున్నారు. ఆ అమ్మాయి చేతిలో ఒక పేపరు ప్లేటు ఉంది. అందులో ఏమైనా ఉందో లేదో, ఉంటే ఆమె ముట్టుకుందో లేదో, ఎంత తలచుకున్నా రాలేదు.

"చూడలేదమ్మా" అన్నాను.

"నువ్వెన్నడు చూసినవు" అని అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ కాలేజీ కుర్రవాణ్ని తలుచుకుని ఇన్నేళ్లుగా దయగల పెద్దమనిషిలా నవ్వుకుంటూ వచ్చాను, వాడు ఎప్పుడో వెళ్లిపోయాడన్నట్టు. ఆ పూట మాత్రం వాడూ నేనూ ఒకే మంచం పట్టె మీద కూర్చుని, కాస్త సిగ్గుపడుతూ, కలిసి నవ్వుకున్నాం.